పావు పవర్

జూన్ 2

కరెంటు బిల్లు వచ్చింది. మళ్ళీ పెరిగింది. మళ్ళీ సగం మాదే.

ఈ ఇంట్లో రెండు కాపురాలు, ఒక వంటిల్లు, ఒక మీటరు. బావగారూ మా ఆయనా అన్నదమ్ములు కాబట్టి బిల్లు చెరిసగం అని ఎప్పుడో తీర్మానించేసుకున్నారు, మమ్మల్ని మాటమాత్రంగానైనా అడక్కుండా. పగలంతా నేను కళ్ళజోళ్ళ షాపులో, మా ఆయన కొరియర్ ఆఫీసులో, బావగారు ఆయన ప్రెస్సులో. ఇంట్లో ఉండేది అక్క ఒక్కతే. అక్క అంటే సొంత అక్క కాదు, తోటికోడలు. సొంత అక్కయితే ఇంత మంట ఉండేది కాదేమో. ఆవిడ ముందుగదిలో మిషన్ పెట్టుకుని స్కూలు చొక్కాలకు కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. ఒక్కో చొక్కాకి ఇంత అని డబ్బు. మిట్టమధ్యాహ్నం కూడా ముందుగదిలో ట్యూబులైటు, మిషన్ మీద బల్బు, వంటింట్లో లైటు, ఎవరూ కూర్చోని నడవాలో ఇంకో లైటు. సాయంత్రం నేను వచ్చేసరికి ఇల్లు నగల దుకాణంలా వెలిగిపోతుంటుంది.

"సగం డబ్బు ఇంకొకళ్ళు కడుతుంటే స్విచ్చి ఆపడానికి చెయ్యెందుకు వస్తుంది?" అన్నాను మా ఆయనతో.

"పోనీలేవే" అన్నాడు. ఆయనకు అన్నీ పోనీలే.

రేపట్నుంచి నేనూ గీజరు ఆపను.

జూన్ 3

ఆపలేదు. గదిలో ఫ్యాను కూడా తిరుగుతూనే ఉంది. హాయిగా ఉంది.

జూన్ 6

షాపులో మీటింగ్. మా మేనేజరుకు నేను పెట్టుకున్న పేరు చిరునవ్వు. చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే ఇంకో రెండు పళ్ళు ఎక్కువ కనిపిస్తాయి. ఇవాళ మొత్తం కనిపించాయి.

ఇకమీదట కళ్ళ పరీక్ష ఉచితం. మా జీతాల్లో కొంత కోత. దానికి బదులు, పరీక్ష చేసి పంపిన మనిషి కళ్ళజోడు కొంటే అందులో మాకు వాటా. మొత్తం పరీక్ష చేసేది ఇద్దరమే, నేనూ, రెండో గది అతనూ. ఆగస్టు ఆఖరుకి ఎవరి చేతి మీదుగా ఎక్కువ జతలు అమ్ముడవుతాయో వాళ్ళు కొత్త బ్రాంచికి హెడ్.

కంటి ప్రెషరు చూసే మిషన్‌ని గోడౌన్‌లో పడేశారు. "దాని మీద అయిదు నిమిషాలు పోతున్నాయి. అది చూసి ఎవరైనా ఏమైనా కొన్నారా?" అన్నాడు చిరునవ్వు. ఆ చోట్లో పిల్లల ఫ్రేముల స్టాండు పెట్టారు. నోటిదాకా ఒక మాట వచ్చింది. నాకెందుకని మింగేశాను. రెండో గది అతను అప్పటికే తల ఊపుతున్నాడు, గడియారంలో లోలకం లాగా.

హెడ్ జీతం వస్తే వేరు కాపురం పెట్టచ్చు. నా వంటిల్లు, నా స్టవ్వు, నా మీటరు. నా లైటు నేనే ఆపుకుంటాను.

జూన్ 11

ఒక సంగతి కనిపెట్టాను. మంచిదో చెడ్డదో తెలియదు.

కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి "ఇదా, ఇదా, ఏది బాగుంది?" అని అడుగుతాం. తేడా పావు పవరే అయితే చాలామందికి నిజంగా తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటం. రెండో అద్దం దగ్గర నేను గొంతు కాస్త నిదానం చేసి "ఇప్పుడు?" అంటే చాలు, "ఆ, ఇదే బాగుంది" అంటారు. పవరు మారిందంటే కొత్త జోడే. మంచివాళ్ళు. నా కష్టం వృథా కాకూడదని.

నేను అబద్ధమాడలేదు. అడిగాను, వాళ్ళే చెప్పారు.

జూన్ 14

రెండో గది అతన్ని దాటేశాను.

జూన్ 20

ఇవాళ ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారట, పాత జోడు తుడుచుకుని పెట్టుకుంటే అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. ఆయనకు కావలసింది మెత్తటి గుడ్డ ముక్క. పావు మార్చి పంపాను. కౌంటర్ దగ్గర ఖరీదైన ఫ్రేము ఎంచుకుని నన్ను దీవించి మరీ వెళ్ళాడు. ఫ్రేము ఆయనకు నప్పింది కూడా.

డాక్టర్లు రాయడంలేదా అక్కర్లేని టానిక్కులు? దీనివల్ల ఎవరికీ కన్ను పోదు.

సాయంత్రం మా ఆయనతో వెళ్ళి ఒక ఫ్లాటు చూశాను. రెండు గదులు. వంటింట్లో కిటికీ పక్కనే గట్టు. ఆ గట్టు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడిపోయాను. మా ఆయన కుళాయిలు తిప్పి చూశాడు. "అన్నయ్యకి ఎలా చెప్పడం?" అన్నాడు దారిలో. చెప్పడానికేముంది, నోరుంది కదా.

జూన్ 24

అక్క పాలగిన్నె తన్నేసింది. తన్నడమంటే కాలితో కాదు, మోచేత్తో. గట్టు మీద, ఆవిడకు ఎడమ పక్కన, కళ్ళెదురుగా ఉన్న గిన్నె. నేను కాచిన పాలు. వాళ్ళ పాలగిన్నె కుడిపక్కన చెక్కుచెదరకుండా ఉంది.

"చూసుకోలేదే" అంది.

"చూసుకోవాలి కదక్కా" అన్నాను.

వంటింట్లో నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు భుజం తగిలించి పోవడం కూడా ఈమధ్య మొదలెట్టింది. ఒకసారయితే పొరపాటు. రోజూ అయితే? ఫ్లాటు సంగతి ఆవిడకు ఎవరో చెప్పుంటారు. కోపం అలా తీర్చుకుంటోంది.

జూన్ 29

అక్క షాపుకి వచ్చింది. ఇంట్లో చెప్పకుండా నేరుగా షాపుకే. మంచి చీర కట్టుకుని మరీ వచ్చింది, నా కొలువులో నా పరువు కాపాడదామనేమో.

"సూదిలో దారం ఎక్కట్లేదే. సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోతోంది. బల్బు చుట్టూ రింగులు కనిపిస్తున్నాయి, రంగురంగులుగా. నవ్వకు."

నవ్వలేదు. "మీ ఇంట్లో ఎవరికైనా కళ్ళ జబ్బు ఉందా?" అని అడిగాను. అడగడం అలవాటు కాబట్టి.

"మా అమ్మకి చివర్లో చూపు పోయిందిగా. పెద్దతనం."

దగ్గరి చూపు అద్దం పెంచితే చదివింది. తడుముకుంటూ చదివింది, కానీ చదివింది.

ఇలాంటివి వింటే ప్రెషరు చూడాలి. మిషన్ గోడౌన్‌లో ఉంది, దాని మీద ఫ్రేముల పెట్టెలు పేర్చేశారు. ఆస్పత్రికి రాసి పంపచ్చు. రాసి పంపితే ఆస్పత్రివాళ్ళు చూసుకుంటారు, అద్దాలు కూడా అక్కడే ఇస్తారు. బయట నలుగురు వెయిటింగ్.

"అద్దాలు మారిస్తే సరిపోతుందా?" అని ఆవిడే అడిగింది.

"సరిపోతుంది" అన్నాను.

వయసు నలభై దాటాక అందరికీ దగ్గరి చూపు తగ్గుతుంది. తలనొప్పి మిషన్ మీద వంగి కూర్చోవడం వల్ల. రింగులు అద్దం మీద గీతల వల్ల. ఆ పాత జోడు అద్దాలు నిజంగానే గీతలు పడి ఉన్నాయి. మెరుపు తగ్గించే పూత ఉన్న అద్దాలు రాశాను. అవి ఖరీదు ఎక్కువ, కానీ మంచివి.

జూలై 1

తలనొప్పి తగ్గిందట. చెప్పానా.

జూలై 10

జూన్ బిల్లు. ఇంకా పెరిగింది. బావగారు స్విచ్చిబోర్డు పక్కన కాగితం అంటించారు, ప్రెస్సులో అచ్చు వేయించి మరీ. "దయచేసి అవసరం లేని లైట్లు ఆపండి." నేను అది అక్క కోసమనుకున్నాను. అక్క, ఆవిడ మొహం చూస్తే, నా కోసమనుకున్నట్టుంది. మా ఆయన బల్లలకూ కుర్చీలకూ అనుకున్నాడేమో. ఎవరూ ఏదీ ఆపలేదు.

గీజరు నాది. అది మాత్రం నిజం.

జూలై 18

ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేశాం. వాటా డబ్బు లేకపోతే జరిగేది కాదు. బావగారికి మా ఆయనే చెప్పాడు, నేల వైపు చూస్తూ. బావగారు "మంచిది" అన్నారు. అక్క మాత్రం లోపల్నుంచి ఒక పెద్ద గిన్నె తెచ్చి "నీకొక్కదానికే వంటంటే ఇది చాలు, తీసుకెళ్ళు" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. ఉందనే అనుకుంటున్నాను.

జూలై 27

అక్క మళ్ళీ షాపుకి. యూనిఫాం షాపువాడు ఒక మూట చొక్కాలు వెనక్కి పంపించాడట, కాజాలు వంకర పోయాయని. విప్పి మళ్ళీ కుట్టాలి, దానికి డబ్బు ఇవ్వడు.

"ఈ అద్దాలు కూడా కుదరట్లేదే. మధ్యలో బానే ఉంటుంది, పక్కలే మసక."

నెల కూడా తిరగలేదు. మాకు కాలేజీలో చెప్పిన మాట ఒకటుంది: మనిషి మాటిమాటికీ అద్దాలు మార్చుకుంటుంటే అద్దాలని అనుమానించకు, కంటిని అనుమానించు. పరీక్షలో వచ్చింది కూడా. రాసి మార్కులు తెచ్చుకున్నాను.

కొత్త అద్దాలు రాశాను.

ఈసారి చిరునవ్వు స్టాఫ్ డిస్కౌంట్ ఇప్పించాడు. "మీవాళ్ళంటే మావాళ్ళే కదా." నా వాటా మాత్రం తగ్గించలేదు. మంచి మనిషి.

ఆస్పత్రి అని ఒక మాట అనచ్చు. అంటే కంగారు పడుతుంది. కంగారుపడి ఇప్పుడున్న పని కూడా పాడు చేసుకుంటుంది. వచ్చే నెల గడిస్తే నేనే తీసుకెళ్తాను. ఆగస్టు అవనీ.

జూలై 28

ఆగస్టు అవనీ అని ఎందుకు రాశాను? వేరే కారణమేం లేదు. పనులు ఎక్కువ ఉన్నాయి.

ఆగస్టు 3

నిద్ర సరిగా లేదు. కాఫీ తగ్గించాలి.

ఆగస్టు 8

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం షాపు నుంచి వచ్చాను. ఇంకా చీకటి పడలేదు, నడవా కిటికీలోంచి బోలెడు వెలుతురు వస్తోంది, పైన లైటు వెలుగుతోంది. ఒళ్ళు మండిపోయింది. వెళ్ళిపోయేదాకా కూడా దోచుకోవాలా అనుకుంటూ ఠక్కున స్విచ్చి ఆపి మా గదిలోకి వెళ్ళిపోయాను.

రెండు నిమిషాలు కాలేదు, దబ్బున చప్పుడు. వచ్చి చూస్తే అక్క నేల మీద ఉంది. చొక్కాల దొంతర చెల్లాచెదురు. చెప్పుల స్టాండు తగిలి పడింది. ఎడమ పక్కన, గోడకి, ఎప్పట్నుంచో అక్కడే ఉన్న చెప్పుల స్టాండు.

"లైటు ఎవరాపారు?" అంది.

తిడుతుందనుకున్నాను. తిట్టు కాదది. భయం.

"ఇంకా వెలుతురుందిగా అక్కా" అన్నాను.

"నాకు లేదే."

లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాను. మోకాలు చెక్కుకుపోయింది. దానికి మందు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, అక్కడే నిలబడిపోయాను. ఆ గట్టు. ఎడమ పక్క పాలగిన్నె. ఎడమ భుజం. ఎప్పుడూ ఎడమే.

తిరిగి వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "నా ముక్కు వైపే చూడు. కళ్ళు తిప్పకు. నా వేలు కనిపించగానే చెప్పు" అన్నాను. ఆవిడ కుడికన్ను మూసి, నా వేలు ఎడమ వైపు దూరం నుంచి మెల్లగా లోపలికి తెచ్చాను. ఆడిస్తూ తెచ్చాను. మామూలు మనిషికి చెవి దాటకముందే కనిపిస్తుంది. చెవి దాటింది. చెంప దాటింది. ఆవిడ బుద్ధిగా నా ముక్కు వైపే చూస్తోంది.

"మొదలెట్టవే" అంది.

వేలు అప్పటికి ఆవిడ కంటి కొస దగ్గర ఉంది.

సగం బిల్లు మేం కడతామనే లైట్లు వేసుకుంటోందనుకున్నాను. రెండు నెలలు అదే అనుకున్నాను. కళ్ళ చదువు చదువుకున్నదాన్ని, మనిషిని ఒక్కసారి సరిగా చూడలేదు. నేను గీజరు ఆపకుండా ఉన్నాను కాబట్టి ఆవిడా అలాగే అనుకుంటుందనుకున్నాను. అందరూ నాలాంటివాళ్ళే అనుకున్నాను.

ఆగస్టు 9

సెలవు పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చీకటి గదిలో చాలాసేపు చూశారు. ప్రెషరు చాలా ఎక్కువ. నీటికాసులు, అంటే గ్లకోమా. ఎడమకంట్లో పక్కచూపు చాలావరకు పోయింది, అది ఇక తిరిగి రాదు. కుడికంట్లో మొదలైంది. లేజరు చేసి, చుక్కల మందు క్రమం తప్పకుండా వేస్తే మిగిలింది కాపాడుకోవచ్చు. డాక్టరమ్మ చాలా చిన్నది, నాకంటే చిన్నది. ఆ రెండు జోళ్ళూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసింది.

"నెలలోపు రెండుసార్లు మార్చారు. ఎవరు రాశారండీ ఇవి? ఎవరికీ అనుమానం రాలేదా?"

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

"షాపులోనండి" అంది అక్క. నా వైపు చూడలేదు.

"జూన్‌లో వచ్చుంటే ఇంత పోయేది కాదు" అంది డాక్టరమ్మ.

ఆటోలో అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, గుంటలకి ఎగిరిపడకుండా.

ఆగస్టు 10

జూన్‌లో వచ్చింది.

ఆగస్టు 13

చిరునవ్వు గదిలోకి పిలిచి, నెలాఖరు దాకా ఆగనక్కర్లేదు, కొత్త బ్రాంచి నాదే అన్నాడు. రెండో గది అతను కూడా వచ్చి చేయి కలిపాడు, వేళ్ళ కొసలతో.

ప్రెషరు మిషన్ బయటికి తీయించమని అడిగాను.

"నీ బ్రాంచికి పట్టుకెళ్ళు తల్లీ, నువ్వే హెడ్డువి, నీ ఇష్టం" అన్నాడు. "మనిషికి అయిదు నిమిషాలు పోతాయి, చూసుకో. టార్గెట్ మాత్రం అదే."

వద్దని చెప్పి వచ్చేయాలని వెళ్ళాను. సరేనని వచ్చాను. అడ్వాన్సు ఇచ్చేశాం కదా. మిషన్ తీసుకెళ్తాను. అందరికీ చూస్తాను. చూస్తానని ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ నేను చాలా రాశాను.

ఆగస్టు 16

చెప్పేశాను.

సెలవు పెట్టాను. మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే. అక్క ముందుగదిలో గుండీలు రంగులవారీగా వేరు చేస్తోంది, ఒక్కోదాన్నీ కుడికంటి దగ్గరికి తెచ్చుకుని. లైట్లన్నీ వేసే ఉన్నాయి. నేనే వేశాను.

"అక్కా, మొదటిరోజే నాకు అనుమానం వచ్చింది."

"దేనికి?"

"ఆ రింగులు, మీ అమ్మగారి సంగతి విన్నప్పుడే. ఆస్పత్రికి వెళ్ళమనాలి. అనలేదు."

ఆవిడ చేతిలో గుండీ డబ్బాలో వేసింది. అరుస్తుందని చూశాను. అరిస్తే బాగుండేది.

"నాకూ తెలుసులే" అంది.

"ఏం తెలుసు?"

"అద్దాలతో పోయేది కాదని. మా అమ్మకీ రింగులే కనపడేవి. ఆస్పత్రికెళ్తే కుట్టడం మానెయ్యమంటారని హడలు. షాపువాడికి తెలిస్తే ఒక్క చొక్కా ఇవ్వడు. నీ దగ్గరికైతే, నువ్వు ఇంట్లో దానివి, పెద్ద మాటలు చెప్పవనుకున్నా. సరిపోతుందన్నావు. అమ్మయ్య అనుకున్నా. నాకు కావలసింది అదే మరి."

ఆ మాట వినగానే నా గుండె మీంచి బరువు దిగింది. అవును, సిగ్గు లేకుండా దిగింది. అయితే నా ఒక్కదానిదే కాదు, ఇద్దరిదీ, చెరిసగం అనుకున్నాను. పైకి అననే లేదు గానీ మొహంలో తెలిసిపోయి ఉంటుంది.

"నేను భయపడి నోరు మూసుకున్నా" అంది అక్క. "నువ్వెందుకు మూసుకున్నావే?"

చెప్పాను. వాటా సంగతి, హెడ్ సంగతి, ఫ్లాటు సంగతి. వంటిల్లు సంగతి. చెబుతుంటే అన్నీ చాలా చిన్నవిగా వినిపించాయి, నాకే.

"నా రెండు జోళ్ళ మీద నీకు ఎంతొచ్చింది?"

చెప్పాను.

నా మొహం సరిగా కనిపించడానికి తల కాస్త తిప్పి, కుడికంటితో చూసింది.

"అంతేనా?" అంది.

తల ఊపాను.

"రెండు రోజుల కాజాలు కూడా కావే అవి. అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదే."

అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నన్ను ఊరుకోబెట్టలేదు కూడా. గుండీలు వేరు చేస్తూనే ఉంది, కాసేపయ్యాక నల్లవాటిలో నీలంవి కలిసిపోతే మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టింది. నేను తీసిస్తానని చెయ్యి చాస్తే డబ్బా పక్కకి జరుపుకుంది.

సాయంత్రం చుక్కల వేళకి మందు తీసుకుని వెళ్ళాను. ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ రోజూ నేనే వేస్తున్నాను. "నువ్వొద్దు. మీ బావగారు వేస్తారులే" అంది. మామూలు గొంతుతోనే అంది. బావగారు కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, సీసా ఎలా పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పారు. మొదటి చుక్క రెప్ప మీద పడింది. రెండోది చెంప మీదికి కారిపోయింది. కింది రెప్ప కాస్త లాగి, సంచిలా అయిన చోట వేస్తే ఒక్క చుక్క చాలు. చెప్పడానికి నోరు తెరిచాను. అక్క కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చి ఓపిగ్గా కూర్చుంది. బావగారు మూడోసారి ప్రయత్నిస్తున్నారు. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను.